ఏ పచ్చ?

పొద్దున్న ఏడున్నరకల్లా ఐజాక్ తన పాత మోపెడ్‌ను ఇన్నీసుపేట సందులో మేడమెట్ల కింద ఆపి, సంచి భుజాన వేసుకుని, చెక్కమెట్లు ఎక్కేవాడు. పదమూడో మెట్టు కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే పైన సూర్యకళ గారు టీ నీళ్లు పెట్టేవారు. టీ మరిగేలోపు ఐజాక్ తొట్లో నానిన సున్నం కలియబెట్టుకునేవాడు. ఈలోగా కింద వాటాలో ఉండే అచ్చాయమ్మ గారు మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చి, హాల్లో నిన్న పడిన వెలుగు ఊడ్చి చేటకెత్తేవారు.

ఆ ఇంట్లో ప్రతి తలుపు మీదా అర్ధచంద్రంలా రంగు అద్దాలు బిగించి ఉన్నాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపుపచ్చ. మేడ ముందు గోడ మీద సున్నపు పూలదండ మధ్యలో 1938 అని రాసి ఉంటుంది కాబట్టి అద్దాలూ అప్పటివే అయ్యుండాలి. ఆ కాలం అద్దాల్లోంచి పడే వెలుగు పొద్దుగూకితే ఎండతోపాటు పోదు. పడినచోటే, ఎర్రగచ్చు మీద, పల్చగా పొడిపొడిగా ఉండిపోతుంది. ఎప్పటికప్పుడు ఊడ్చుకోవాల్సిందే. సాదా అద్దాల ఇళ్లవాళ్లకి ఈ చాకిరీ లేదు. అచ్చాయమ్మ గారు చేటెడు వెలుగూ తీసుకెళ్లి వరండాలో కుండీల మొదట్లో పోసేవారు. అందుకే కాబోలు, ఆవిడ కనకాంబరం ఒక్కోసారి నీలంగా పూసేది.

సూర్యకళ గారు స్టేషన్ మాస్టరు. గోదావరి అవతల చిన్న స్టేషన్‌లో పని. పుట్టింది నరసాపురం దాటాక సముద్రపుటొడ్డున, వేటకెళ్లే వాళ్లింట్లో. వాళ్ల నాన్న ఏటా పడవకి కొత్తరంగులు వేసేవాడట. ఒడ్డు మీద నిలబడ్డవాళ్లకి అల్లంత దూరం నుంచే అది మన పడవని తెలియాలనేవాడట. అలాంటింట్లో పుట్టిన మనిషి ఇరవై ఆరేళ్లపాటు రైల్వే క్వార్టర్లలో, ఊరు మారినా రంగు మారని మీగడరంగు గోడల మధ్య బతికారు. చివరికి ఈ పాత మేడలో పై వాటా కొనుక్కోగానే ఆవిడన్న మొదటి మాట, "నా ఇంట్లో ఒక్క గోడ కూడా మీగడరంగులో ఉండకూడదు."

సలహాలకేం కొదవ? గచ్చు పీకించి టైల్సు వేయించమని ఒకరు, దూలాలు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టించమని ఇంకొకరు, బర్మా టేకు తలుపులు అమ్మేసి కొత్తవి పెట్టించమని కార్పెంటరు. సూర్యకళ గారు అందరికీ తలూపి ఎవరి మాటా వినలేదు. నల్లటి గుండ్రటి స్విచ్చులు కూడా విప్పించి, తుడిపించి, లోపల కొత్త వైర్లు లాగించి, మళ్లీ అక్కడే పెట్టించారు.

ఐజాక్ కూడా ఒక సలహా ఇచ్చాడు.

"ఈ రంగద్దాలు తీయించేద్దామండి అమ్మగారూ. వీటి వెలుగు గోడల మీద పడుతుంటే షేడు తేల్చుకోవడం కష్టమండి."

"నలభై ఏళ్ల చెయ్యి కదండీ మీది! మీకు కూడా కష్టమా?" అన్నారావిడ నవ్వుతూ.

ఐజాక్ నవ్వలేదు. అద్దాల మాట అబద్ధం. కష్టం అతని కళ్లలో ఉంది.

రాజమండ్రిలో సున్నం గోడకి రంగు కలపడమంటే ఐజాకే. పాత సున్నం గోడ మీద డబ్బా రంగు నిలవదు, రెండు వానాకాలాలకే పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది. దానికి నానబెట్టిన సున్నమే పుయ్యాలి. తడి మీద ఒకలా ఉండే రంగు ఆరాక ఎలా తేలుతుందో ముందే తెలియాలి. ఐజాక్ షేడు కార్డు చూసేవాడు కాదు. రంగుపొడులు పాత సీసాల్లో పోసుకుని, సీసాలకి పేర్లు కూడా రాసుకోకుండా, చిటికెడు ఇందులోంచి చిటికెడు అందులోంచి వేసి కలిపేవాడు. పేర్లు రాసుకోవడం చేతకానివాడి పని అని గొప్పలు పోయేవాడు కూడా. ఆ గొప్పే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

ఏడాది కిందట మొదలైంది. కంటి వెనక నరం ఎండిపోతోందట. చూపు పోదని చెప్పాడు డాక్టరు, రంగులే పోతాయన్నాడు. పసుపుపచ్చా ఆకుపచ్చా ముందుగా కలిసిపోయాయి. ఎండుగడ్డీ పచ్చిగడ్డీ ఒక్కలాగే కనిపించసాగాయి. ఈ సంగతి బయటికి పొక్కితే రంగుపనికి ఎవరు పిలుస్తారు? నలభై ఏళ్లు కట్టుకున్న పేరు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. భార్య మెర్సీకి కూడా చెప్పలేదు.

క్రిస్మస్ రోజున మెర్సీ కొత్తచీర కట్టుకుని ఎదురుగా నిలబడి, ఎలా ఉందని అడిగింది.

"ఈ పచ్చచీర నీకు బాగా నప్పింది," అన్నాడు.

"ఏ పచ్చ?" అంది మెర్సీ.

ఐజాక్ బండి తాళం ఎక్కడ పెట్టానా అంటూ మంచం కిందకి దూరాడు. తాళం జేబులోనే ఉంది.

ఆ రోజునుంచి ఆ ఒక్క మాటే అతనికి గొడుగైంది. తెలుగువాళ్లు ఎంత మంచివాళ్లు! రెండు రంగులకీ కలిపి ఒకటే పేరు పెట్టారు. అరటాకూ పచ్చే, చేమంతీ పచ్చే. సూర్యకళ గారు గదిగదికీ రంగు చెప్పారు. హాలుకి నీలం, పడకగదికి గులాబీ, వరండాకి ఇటుకరంగు.

"వంటిల్లు మాత్రం పచ్చగా ఉండాలండి," అన్నారు.

ఏ పచ్చో ఐజాక్ అడగలేదు. అడిగితే తప్పించుకునే దారి ఉండదు మరి.

నీలమూ గులాబీ ఇంకా కొంచెం తెలుస్తున్నాయి కాబట్టి హాలూ పడకగదీ గట్టెక్కాయి. వంటింటికి ఐజాక్ ఒక ఉపాయం చేసుకున్నాడు. ఆకుపచ్చ సీసా సంచిలో ఎడమ జేబులో, పసుపుపచ్చ సీసా కుడి జేబులో. కొట్టువాణ్ని ఏ పొట్లం ఏదో మాటల్లో పెట్టి అడిగి, అలా సర్దుకున్నాడు. శనివారం ఎడమ జేబు సీసా తీసి రెండు గోడలు పూశాడు. ఆదివారం ప్రార్థన. సోమవారం పొద్దున్న మళ్లీ ఎడమ జేబు సీసా తీసి మిగతా రెండు గోడలూ పూశాడు. సాపుగా, చారలేకుండా, ఎంత బాగా పూశాడంటే, పూశాక తనే ఒక నిమిషం నిలబడి చూసుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మెర్సీ ఆ సంచి ఉతికి, సీసాలు మళ్లీ జేబుల్లో సర్దిన సంగతి అతనికి తెలీదు.

శనివారం చెల్లెలింటికి వెళ్లిన సూర్యకళ గారు సోమవారం మధ్యాహ్నం తిరిగొచ్చి, యూనిఫామ్ వేసుకుని, డ్యూటీకి బయల్దేరుతూ వంటింటి తలుపు తీశారు. వెనకాలే అచ్చాయమ్మ గారు.

"ఇదేంటయ్యా ఐజాకూ!" అన్నారు అచ్చాయమ్మ గారు చెంప మీద చెయ్యి వేసుకుని. "ఈ పక్క చూస్తే అరటాకు, ఆ పక్క చూస్తే అరటిపండు! రావులపాలెం అరటిగెలల సంతలో దిగినట్టుంది!"

ఐజాక్ ఆ గోడా ఈ గోడా మార్చి మార్చి చూశాడు. ఏ గోడ ఆకో, ఏ గోడ పండో అతనికి తెలియడం లేదు. గొడుగు తెరిచాడు.

"పచ్చ అన్నారు కదండీ అమ్మగారూ. రెండూ పచ్చే కదండీ."

అచ్చాయమ్మ గారు పకపకా నవ్వారు. సూర్యకళ గారు కూడా నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయారు.

"మా రైల్వేలో ఆ రెండూ ఒకటి కాదండీ ఐజాక్ గారూ. ఒకటి చూస్తే బండి వెళ్లిపోవచ్చు. రెండోది చూస్తే ముందేదో ఉందని జాగ్రత్తపడాలి." ఆవిడ వంగి, నేలమీదున్న రెండు సీసాలూ తీసి అతని ముందు పట్టుకున్నారు. "వీటిలో పసుపుపచ్చ ఏదండీ?"

స్టేషన్ మాస్టర్లకి నాలుగేళ్లకోసారి కళ్ల పరీక్ష. చుక్కల బొమ్మల్లో అంకె కనిపెట్టాలి. కనిపెట్టలేనివాళ్లని జెండా ముట్టుకోనివ్వరు, బల్ల ముందు కూర్చోబెట్టి కాగితాలు రాయిస్తారు. అలా కూర్చున్న ఒకాయన మొహం సూర్యకళ గారికి బాగా గుర్తు. సరిగ్గా అదే మొహం ఇప్పుడు ఎదురుగా ఉంది.

ఐజాక్ చాలాసేపు చూసి, కుడివైపు సీసా మీద వేలు పెట్టాడు. అది ఆకుపచ్చది. సూర్యకళ గారు సీసాలు జాగ్రత్తగా కిందపెట్టారు.

"నాకు టైమైపోయిందండి. రేపు పొద్దున్న మాట్లాడుకుందాం," అన్నారు. పదమూడో మెట్టు కిర్రుమంది.

అచ్చాయమ్మ గారు కూడా దిగిపోయాక ఐజాక్ నేలమీద చతికిలబడ్డాడు. రేపు మాట్లాడేదేముంది? ఆవిడ మర్యాదస్తురాలు కాబట్టి మెల్లగా చెబుతుంది, అంతే. ఇంకొకరితో చెప్పించుకోవడం కన్నా తనే మానుకుంటే మంచిదనిపించింది. పదహారేళ్లకి పట్టిన కుంచె. ఏడుపొచ్చింది. కుంచెలు ఒక్కొక్కటే కడిగాడు. కడుగుతూ ఏడ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు గనక కాస్త గట్టిగానే ఏడ్చాడు.

పొద్దు వాలింది. పడమటి తలుపు మీది అద్దాల్లోంచి మధ్యాహ్నం నుంచీ పడిన వెలుగు వంటింటి గుమ్మం దాకా పరుచుకుని ఉంది. వెళ్లేముందు ఇల్లు శుభ్రంగా అప్పజెప్పాలి కదా అని చీపురు అందుకుని, అంతా ఊడ్చి గుమ్మం వైపు తోశాడు.

కిందనుంచి కేక వినబడింది. "ఐజాకూ! నేను దీపాలు పెట్టేశాను! ఇప్పుడు ఊడ్చింది బయటికి పారబోశావంటే ఊరుకోను! మూలకి ఉంచు!"

దీపాలు పెట్టాక చెత్త గడప దాటించకూడదనే పట్టింపు ఐజాక్ ఇంట్లో లేదు. అయినా పెద్దావిడ మాట, పైగా నలభై ఏళ్లుగా ఇలాంటి ఇళ్లలోనే పని. సరేనంటూ మూలకి తోద్దామని చూస్తే చీపురు అప్పుడే వరండాలో పెట్టేశాడు, చేట కింద ఉంది. వెళ్లి తెచ్చుకునే ఓపిక లేక, కింద కూర్చుని రెండు చేతులూ పెట్టి తోశాడు.

ఎన్ని పాతమేడల్లో ఆ వెలుగు ఊడ్చి ఉంటాడో లెక్కలేదు. చేత్తో ముట్టుకోవడం మాత్రం అదే మొదలు.

ముందు కుడిచేతికి గోరువెచ్చగా తగిలింది, మరలోంచి అప్పుడే వచ్చిన బియ్యప్పిండిలాగా. దాని పక్కనే బరువుగా, తడి ఇసుకలా ఇంకోటి. చెయ్యి ఇంకా లోపలికి పోనిచ్చాడు. నున్నగా, చల్లగా, తమలపాకు మీద వేళ్లు పెట్టినట్టు. దానికి ఆనుకుని అరచెయ్యంతా చిరచిరలాడించే మరొకటి, కళ్లంలో ధాన్యమెత్తినప్పుడు అంటుకునే నూగులాగా.

ఐజాక్ చేతులు అలాగే ఉంచేశాడు. ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. చల్లగా ఉన్నది ఒకటి. చిరచిరలాడేది ఇంకొకటి. ఈ రెండూ ఒకటి కావు. ఏ గుడ్డివాడైనా చెబుతాడు, ఈ రెండూ ఒకటి కానే కావు.

"ఏసయ్యా!" అన్నాడు పైకే.

బియ్యంలో మట్టిబెడ్డలేరినట్టు కూర్చుని ఏరాడు. చల్లటిదంతా ఒక ముంతలో, చిరచిరలాడేదంతా ఇంకో ముంతలో. తర్వాత వెళ్లి వంటింటి గోడలు తడిమాడు. ఈ గోడ చల్లగా ఉంది. ఇదే ఆకు. ఆ గోడ మీద చెయ్యి వేసేసరికి అరచెయ్యి చిరచిరమంది. అదే పండు. ఏడాది తర్వాత మొదటిసారి తను పూసిన గోడ ఏ రంగో అతనికి తెలిసింది. పిచ్చివాడిలా నాలుగు గోడలూ తడుముతూ రెండుసార్లు తిరిగాడు.

తర్వాత కడిగిన కుంచెల్ని మళ్లీ తడిపాడు. గుప్పెడు సున్నంలో చల్లటి వెలుగు చిటికెడు, చిరచిరలాడేది చిటికెడు వేసి, వేళ్లతోనే కలిపాడు. ఆకుగోడా పండుగోడా కలిసే మూల దగ్గర నిలబడ్డాడు.

ఎనిమిదింటికి బండి తీస్తుంటే అచ్చాయమ్మ గారు కిటికీలోంచి చూసి, "ఏమయ్యా, నీ గెడ్డం మెరుస్తోంది, తుడుచుకో," అన్నారు.

మర్నాడు ఏడున్నరకి పదమూడో మెట్టు కిర్రుమంది. పైన టీ నీళ్ల చప్పుడు లేదు. ఐజాక్‌కి వెనక్కి తిరిగిపోదామనిపించింది. అయినా ఎక్కాడు.

సూర్యకళ గారు వంటింట్లో, ఆ మూల ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ గోడ మూల దగ్గరికొచ్చేసరికి లేతబడి, లేతబడి, చిలకపచ్చై, నిమ్మపండై, ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేనట్టుగా, పక్కగోడ మీదికి పసుపుపచ్చగా తిరిగిపోయింది. కాయ పండడానికి వారంరోజులు పట్టే పని ఆ గోడ జానెడు మేరలో చేసేసింది.

"ఇదెవరు వేశారండీ?"

"నేనేనండి."

"ఏ కళ్లతో?"

"కళ్లు చెడిపోయాయండి అమ్మగారూ. ఏడాదైంది. మీకు చెప్పకుండా పని ఒప్పుకోవడం తప్పేనండి." ఇన్నాళ్లూ గొంతులో అడ్డంపడ్డ మాట అంత సులువుగా బయటికొచ్చేసరికి అతనికే ఆశ్చర్యమైంది. అరచేతులు రెండూ చాపాడు. "నిన్న ఆ వెలుగు ఎత్తానండి. అప్పట్నుంచీ చేతికి తెలుస్తున్నాయండి."

సూర్యకళ గారు లోపలికెళ్లి డ్యూటీ బ్యాగు తెచ్చారు.

"కళ్లు మూసుకోండి."

ఒక గుడ్డ చేతికి తగిలింది. "వెచ్చగా ఉందండి. ఎరుపు."

ఇంకోటి. "చల్లగా ఉందండి. పచ్చ."

"ఏ పచ్చండీ?" అన్నారు స్టేషన్ మాస్టరు గారు ఖచ్చితంగా.

"ఆకుపచ్చండి. బండి వెళ్లిపోవచ్చండి."

ఆవిడ జెండాలు రెండూ చుట్టి బ్యాగులో పెట్టుకున్నారు. "మీరు పాసయ్యారండి. మీ చేతులు పాసయ్యాయి. ఈ వంటిల్లు ఇలాగే ఉంటుంది, మళ్లీ ముట్టుకోవద్దు. ఇంక వరండా సంగతి చూడండి." ఆ తర్వాత టీ నీళ్లు పెట్టారు.

అప్పుడే చీపురు పుచ్చుకుని పైకొచ్చిన అచ్చాయమ్మ గారు సంగతంతా విని పెదవి విరిచారు. "ఇందులో వింతేముంది? మా అమ్మమ్మకి చూపు పూర్తిగా పోయాక కూడా ఈ వెలుగు చేత్తోనే ఏరేది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

నిజమే, అడగలేదు. అడగకుండా ఉండటానికే కదా ఏడాదంతా అంత కష్టపడ్డాడు! ఐజాక్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూ తలెత్తి, తను తీయించేద్దామన్న అద్దాల వంక చూశాడు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం పొద్దున్న మెర్సీ ఆ క్రిస్మస్ చీరే కట్టుకుంది. గుమ్మంలో కొబ్బరిమట్టలు పట్టుకుని నిలబడి, చర్చికి ఆలస్యమవుతోంది రమ్మని కేకేసింది. ఐజాక్ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ పచ్చచీర నీకు బాగా నప్పుతుంది," అన్నాడు.

మెర్సీ అతని వంక చూడలేదు. మట్టల ఈనెలు సర్దుకుంటూ, "ఏ పచ్చ?" అంది.

ఈసారి అతను తాళం వెతుక్కోలేదు. మెర్సీ భుజం మీది పైట చెంగు పట్టుకుని, రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపాడు. చిరచిరలాడింది. చివరిదాకా జరిపాడు. చల్లబడింది.

"చీర పసుపుపచ్చ," అన్నాడు. "అంచు ఆకుపచ్చ."

మెర్సీ చేతిలో మట్టలు కిందపడ్డాయి. ముందు నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకు తెలుసా?" అన్నాడు ఐజాక్.

"ముప్పై రెండేళ్ల కాపురమండీ. కూరలో బంగాళాదుంప ముక్కేదో పచ్చిమిరపకాయేదో తెలీక నమిలేస్తుంటే తెలీదా? మీరే చెబుతారని చూశాను. ఆ జేబుల సంగతైనా ముందే చెప్పి ఉంటే సీసాలు సరిగ్గా సర్దేదాన్ని కదా!" పైటతో కళ్లు తుడుచుకుంది. "అయినా క్రిస్మస్‌నాడు ఏ పచ్చ అన్నా తప్పయ్యేది కాదు. రెండూ ఉన్నాయని చూసే కొనుక్కున్నాను. ఏదో ఒకటి అనాల్సింది."

ఐజాక్ వంగి కిందపడ్డ మట్టలు ఏరాడు. ఒక్కొక్కటీ వేళ్లతో నిమిరి చూసి, అన్నిటికన్నా చల్లగా ఉన్నదాన్ని మెర్సీ చేతికిచ్చి, బండి తీశాడు.